ఏ సరుకుకి ఏ వీధి? చెన్నై బజార్ల మీద పాఠకుల ప్రశ్నలు

పెళ్ళిళ్ళ కాలం దగ్గరకొచ్చేసరికి చెన్నైలో ఏది ఎక్కడ కొనాలంటూ ఉత్తరాలు పెరుగుతాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ముందే ఒక మాట. ఈ ఊళ్ళో దుకాణం పేరు కన్నా వీధి పేరు తెలిసుండటం ముఖ్యం. పాత మద్రాసులో ఒక్కో వీధి ఒక్కో సరుకుకి స్థిరపడిపోయింది. ఏం కొనాలో తేల్చుకోకుండా బయల్దేరితే ఎండ తప్ప మిగిలేదేమీ ఉండదు.

ప్రశ్న: అమ్మాయి పెళ్ళికి శుభలేఖలు, జాకెట్ ముక్కలు, వచ్చినవాళ్ళకిచ్చే చిన్న కానుకలు, పట్టుచీరలు కొనాలి. పొద్దున సెంట్రల్లో దిగి రాత్రి బండికి తిరిగి రావాలి. ఒక్కరోజులో అవుతుందా? (నెల్లూరు)

జవాబు: అవుతుంది, ఆ రోజు ఆదివారం కాకపోతే. జార్జిటౌన్ టోకు వీధులు ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి. టీ నగర్ తెరిచే ఉంటుంది గానీ రంగనాథన్ వీధిలో అడుగు తీసి అడుగు వేయలేరు. వారం మధ్యలో పెట్టుకోండి.

సామాను సెంట్రల్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం లేని పెట్టెలు తీసుకోరు. అక్కణ్ణుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, హైకోర్టు దగ్గర దిగితే ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు. అన్నిటికన్నా ముందు ఆండర్సన్ వీధికి, శుభలేఖలకి వెళ్ళండి. కార్డు ఎంచుకోవడం పావుగంట పని, అసలు ఆలస్యమంతా అచ్చులో. అచ్చు వేయాల్సిన మాటర్ ఇంటి దగ్గరే టైపు చేయించి ఫోన్లో ఉంచుకోండి. తెలుగు అలవాటు లేని చోట అక్షరాలు కూరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. ‘జ్యేష్ఠ’, ‘ముహూర్తం’, ఇంటిపేర్లు, ఈ మూడూ తప్పులు దొర్లే చోట్లు. ప్రూఫ్ కాగితం మీద చూశాకే సరేననండి, ఫోన్ తెరమీద కాదు. కార్డుల కన్నా కవర్లు పదో వంతు ఎక్కువ తీసుకోవాలి. పేర్లు రాసేటప్పుడు పాడయ్యేవి కవర్లే.

తర్వాత గోడౌన్ వీధి. ఇది బట్టల టోకు వీధి. కొన్ని దుకాణాలు విడిగా అమ్మవు, లోపలికి వెళ్ళగానే అడిగేయండి. జాకెట్ ముక్కలు కట్టల్లో వస్తాయి. పైముక్క ఒక్కటి చూసి కొనొద్దు. కట్ట మధ్యలోంచి రెండు ముక్కలు లాగి టేపుతో కొలవండి. 80 సెంటీమీటర్లని చెప్పింది 70 ఉంటే ఏ కుట్టుకీ చాలదు. కానుకలకి దేవరాజ ముదలి వీధి, నారాయణ ముదలి వీధి, కాశీ చెట్టి వీధి తిరగండి. ఇక్కడ ధర డజనుకి చెబుతారు. ‘ఒక్కటెంత’ అనకుండా ‘పది డజన్లకి ఎంత’ అంటే మొదటి మాటే తగ్గి వస్తుంది. గాజు, అద్దం సామానైతే పెట్టెలు విప్పించి లెక్కపెట్టాలి, ఇంటికెళ్ళాక చెప్పే మాట చెల్లదు.

రెండింటికల్లా అక్కడ ముగించి బీచ్ స్టేషన్లో తాంబరం వైపు లోకల్ ఎక్కండి. బండి అక్కడే బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. మాంబళంలో దిగితే టీ నగర్. స్టేషన్ నుంచి బస్టాండు దాకా 2023లో కట్టిన నడక వంతెన ఉంది, చేతినిండా సంచులుంటే కింది జనంలో పడకుండా దాని మీద వెళ్ళండి. పట్టుచీరలు ఆఖరికి ఉంచమనేది విలువైన సరుకు మోస్తూ జార్జిటౌన్ ఇరుకుల్లో తిరగకూడదని. పానగల్ పార్కు చుట్టూ, ఉస్మాన్ రోడ్డు పొడవునా పట్టు దుకాణాలే. నల్లి వారు 1928 నుంచీ ఉన్నారు. ఆ పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా మన కాళహస్తి వైపు మనిషే, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి.

ప్రశ్న: కంచిపట్టేనని దుకాణం వాళ్ళంటున్నా నమ్మకం కుదరడం లేదు. సిల్క్ మార్క్ ఉంటే చాలా? జరీ అసలుదో కాదో అక్కడికక్కడ తెలుస్తుందా? (తెనాలి)

జవాబు: చాలదు. 2004లో కేంద్ర పట్టు మండలి చొరవతో మొదలైన సిల్క్ మార్క్ చెప్పేది ఒక్కటే, నూలు సహజమైన పట్టు అని. చేతిమగ్గమా మరమగ్గమా, కంచిలో నేశారా మరెక్కడో నేశారా, జరీలో వెండి ఉందా లేదా అన్న వాటికి దానితో సంబంధం లేదు. చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరు, కాంచీపురం పట్టుకి ఉన్న భౌగోళిక గుర్తింపు వేరు. మరమగ్గం మీద నేసిన శుద్ధ పట్టుకి సిల్క్ మార్క్ ఉండటం మోసమేమీ కాదు. దానికి చేనేత ధర అడిగితేనే మోసం. కాబట్టి మూడూ విడివిడిగా అడగండి: పట్టేనా, చేనేతేనా, జరీ ఏ రకం?

నేత చూడాలంటే చీర తిరగేసి అంచు కలిసే చోటు చూడండి. అంచు ఒక రంగు, ఒడలు ఇంకో రంగుగా ఉన్న కోర్వై చీరలో రెండు వైపుల పేకపోగులు, అంటే అడ్డపోగులు, ఒకదానిలో ఒకటి చిక్కుకుని సన్నటి పంటిగీతలా కనిపిస్తాయి. గద్వాల చీరల కుప్పడం అంచు తెలిసినవాళ్ళు దీన్ని ఇట్టే పోలుస్తారు. మరమగ్గపు చీరకి వెనకవైపు అంచు పొడవునా కత్తిరించిన పోగులు నూగులా తగులుతాయి. పల్లూ వేరే రంగైతే, అది ఒడలితో కలిసే చోట రెండు రంగులూ కలగలిసిన సన్నటి పట్టీ ఉండాలి. పడుగు పోగుల్ని, అంటే నిలువు పోగుల్ని, ఒక్కొక్కటే అతికిన చోటది.

పట్టు పరీక్షకి పోగు కాల్చి చూస్తారని చాలామందికి తెలుసు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అయితే పోగు ఎక్కడ తీశామన్నది ముఖ్యం. పల్లూ చివర వేలాడే కుచ్చు పోగులన్నీ పడుగువే. పడుగు పట్టు, పేక వేరే నూలు వేసిన చీరలో ఆ కుచ్చు కాలిస్తే ‘శుద్ధ పట్టు’ అనే తేలుతుంది. జాకెట్ ముక్క కత్తిరింపు అంచు నుంచి అడ్డపోగు ఒకటి లాగించి, అదీ కాల్చమనండి.

జరీకి కూడా ఇలాంటి చిక్కే ఉంది. అసలు జరీ అంటే పట్టుపోగు మీద వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసింది. లోపలి పోగు సంప్రదాయంగా ఎర్రగా ఉంటుంది. వెనకవైపు ఊడిన జరీపోగు గోటితో గీకితే తెల్లటి పోగో, మెరిసే ప్లాస్టిక్ రేకో బయటపడిందంటే ఇక ఆలోచించక్కర్లేదు. రాగితీగ మీద వెండిపూత వేసే ‘టెస్టెడ్’ జరీకి లోపలి పోగు ఎర్రగా అద్దితే మాత్రం కంటికి దొరకదు. పెళ్ళికూతురి చీర స్థాయి ధర పెడుతున్నప్పుడు జరీ పరీక్షించే యంత్రం ఉన్న దుకాణానికే వెళ్ళండి, మీ కళ్ళముందే పెట్టి చూపించమనండి. యంత్రం ఉండీ చూపించనంటే ఆ చీర వదిలేయొచ్చు.

టెస్టెడ్ జరీ చీర కొనకూడదని మేం అనం. బంధువులకి పెట్టే చీరలకి అదే సరిపోతుంది, తేలిక, ధర కూడా తక్కువ. బిల్లు మీద మాత్రం ‘శుద్ధ పట్టు, చేనేత, టెస్టెడ్ జరీ’ అని ఉన్నదున్నట్టు రాయించుకోండి. పొడవు జాకెట్‌తో కలిపి 6.2 మీటర్లకి తగ్గకూడదు. రంగు గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడాలి. లోపలి పసుపు దీపాల కింద నీలం, ఆకుపచ్చ రంగులు మోసం చేస్తాయి. కట్టుకున్న చీర మీద సెంటు కొడితే జరీ నల్లబడుతుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడతలో ఏళ్ళు ఉంచితే ఆ గీత వెంటే చిరుగుతుంది.

ప్రశ్న: చెన్నైలో నగల ధర కాసుల్లో చెబుతారు, మేం తులాల్లో లెక్కవేస్తాం. తరుగు ఒక్కో చోట ఒక్కో రకంగా అంటున్నారు. ఎలా పోల్చుకోవాలి? (వరంగల్)

జవాబు: ఇక్కడి సవరన్ అంటే 8 గ్రాములు, ఆంధ్రలో కాసు అన్నా అదే. మీ వైపు తులం ఇప్పుడు వాడుకలో 10 గ్రాములు, పాత లెక్కలో 11.66. అందుకే అన్నీ గ్రాముల్లోకి మార్చి రాసుకోండి. గ్రాము ధర ఆ రోజుకి ఊరంతా దాదాపు ఒకటే. తేడా వచ్చేదంతా తరుగులోనూ రాళ్ళ తూకంలోనూ.

లెక్క తేలిక కోసం 22 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 24 గ్రాముల గొలుసుకి 12 శాతం తరుగంటే 2.88 గ్రాములు. మొత్తం 26.88 గ్రాములకి 2,68,800. దాని మీద 3 శాతం జీఎస్టీ 8,064 కలిపితే 2,76,864. అదే గొలుసు 8 శాతం తరుగుకి 2,66,976కి వస్తుంది. గొలుసూ అదే, బంగారమూ అదే, తేడా 9,888. ‘మజూరీ లేదు’ అనే ప్రకటన చూసినప్పుడు తరుగెంతో అడగండి, ‘తరుగు లేదు’ అంటే మజూరీ ఎంతో అడగండి. రెండూ లేవంటే రాళ్ళ ధర చూడండి.

రాళ్ళున్న నగకి మొత్తం తూకం, రాళ్ళ తూకం, నికర బంగారం తూకం బిల్లులో మూడు వరసల్లో ఉండాలి. తరుగు నికర తూకం మీదే వేయాలి. హాల్‌మార్క్ అంటే మూడు గుర్తులు: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 అనే స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు సంఖ్య. ఈ ఆరు స్థానాల సంఖ్య లేని హాల్‌మార్క్ నగని 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదు. దుకాణంలోనే భూతద్దం అడిగి ఆ సంఖ్య చదివి, ఫోన్లో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టండి. నగ రకం కూడా తెరమీద వస్తుంది. చేతిలో గాజు ఉండి తెరమీద ఉంగరం అని వస్తే డబ్బు కట్టకండి. పరీక్షలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తక్కువైన విలువకి రెండింతలూ పరీక్ష ఖర్చూ అమ్మినవాళ్ళు ఇవ్వాలని నిబంధన. బిల్లు లేకపోతే ఆ నిబంధనతో పనిలేదు.

ప్రశ్న: ఆషాఢంలో కొత్తబట్టలు కొనని ఇల్లు మాది. చెన్నై ఆడి తగ్గింపు వదులుకోవాల్సిందేనా? (తిరుపతి)

జవాబు: అక్కర్లేదు. తమిళుల ఆడి సౌరమాసం, జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ దాకా ఉంటుంది. మన ఆషాఢం అమావాస్యతో ముగిసి శ్రావణం వచ్చేసరికి మామూలు ఏడాదిలో ఆడిలో ఇంకా రోజులుంటాయి. ఆ చివరి భాగంలో రండి, వరలక్ష్మీవ్రతం చీర కూడా అందులోనే తెమిలిపోవచ్చు. ఆగస్టు 2, 3 తేదీల్లో వచ్చే ఆడిపెరుక్కు నాడు మాత్రం బంగారం దుకాణాల వైపు వెళ్ళకండి, కాలు పెట్టే చోటుండదు. తగ్గింపు నిజంగా లాభించేది దుప్పట్లు, తువ్వాళ్ళు, రోజువారీ నూలు చీరలు, పిల్లల బట్టలకి. ఖరీదైన పట్టుకి అంత నమ్మకం లేదు. తగ్గింపు సరుకు తిరిగి తీసుకోరు కాబట్టి మరకలు, పోగు తెగిన చోట్లు అక్కడే విప్పి చూసుకోవాలి.

ప్రశ్న: మైలాపూర్లో రాచ్చిప్పలు, చారు కాచే తగరపు చెంబులు దొరుకుతాయన్నారు. కిందటేడు మా బంధువులు కొన్న రాచ్చిప్ప మొదటి వారమే పగిలింది, తగరపు చెంబు కరిగింది. తప్పు సరుకుదా, వాడకానిదా? (రాజమండ్రి)

జవాబు: రెండూ కావచ్చు గానీ, మొదటి వారంలోనే అంటే చాలావరకు వాడకానిదే. కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో పాత్రల దుకాణాల్లో రెండూ దొరుకుతాయి. ఇక్కడ రాచ్చిప్పని కల్‌చట్టి అంటారు. అది బలపపు రాయిని తొలిచి చేసింది, మెత్తటి రాయి.

కొనేటప్పుడు అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టే. నీళ్ళు పోయించి పది నిమిషాలు ఆగి అడుగు తడి చూడండి. అడుగు మందం అంతటా సమంగా ఉండాలి, ఒక పక్క పలచనైతే మంట తగిలి అక్కడే విచ్చుతుంది. నూనె రాసి నల్లగా నిగనిగలాడుతున్న చిప్ప కన్నా బూడిదరంగులో ఉన్న పచ్చిచిప్ప మేలు, బీటలు దాగవు.

కొత్త చిప్పని పొయ్యి మీద పెట్టే ముందు కనీసం వారం పదిరోజుల పని ఉంది. సబ్బు తగలకుండా కడిగి నీడన ఆరబెట్టండి. ఆముదంలో పసుపు కలిపి లోపలా బయటా పట్టించి ఒక రోజు వదలండి, మర్నాడు ఇంకోసారి. శనగపిండితో రుద్ది కడిగాక వేడి గంజి నిండా పోసి రాత్రంతా ఉంచి పొద్దున పారబోయాలి. అలా ఐదు నుంచి ఏడు రోజులు. ఆఖరి రోజు గంజితోనే చిన్నమంట మీద పెట్టి, పది నిమిషాలకోసారి కాస్త పెంచుకుంటూ మరగనివ్వండి. అప్పుడే పులుసుకి పనికొస్తుంది. ఎప్పుడూ ఖాళీగా మంట మీద పెట్టకూడదు, వేడి చిప్పలో చన్నీళ్ళు పోయకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పొయ్యెక్కించకూడదు. పగుళ్ళన్నీ ఈ మూడింటివల్లే. పులుసు దగ్గరపడక ముందే మంట ఆపండి, దించాక కూడా చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది.

తగరపు చెంబు సంగతి ఇంకా సున్నితం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. చెంబులో చారు ఉన్నంతసేపు దాని వేడి నూరు డిగ్రీలు దాటదు కాబట్టి ఏమీ కాదు. ముందు మంట వెలిగించి తర్వాత నీళ్ళు పోసినా, చారు ఇగిరిపోయినా, మంట అడుగు దాటి పక్కలకి ఎగిసినా కారిపోతుంది. పోపు అందులో వేయకూడదు, వేరే గరిటెలో వేసి కలపాలి. స్టీలు పీచుతో తోమకూడదు.

కొనేటప్పుడు భయమంతా సీసం కల్తీ గురించే. అంచుని చెవి దగ్గర పెట్టుకుని కాస్త వంచితే తగరం కరకరమంటుంది. తెల్లకాగితం మీద రుద్దితే పెన్సిల్ గీతలా నల్లటి చార పడితే సీసాన్ని అనుమానించాలి. అదే సైజు చెంబు పక్కదానికన్నా బాగా బరువున్నా అంతే. ఇవి అనుమానం తెచ్చే పరీక్షలే, తీర్చేవి కావు. పులుపు మరిగించే పాత్ర కాబట్టి, బిల్లు మీద ‘శుద్ధ తగరం’ అని రాసివ్వని చోట కొనకండి. అనుమానం తీరకపోతే కళాయి పూసిన ఇత్తడి గిన్నె తీసుకోండి, చారు రుచికి పెద్దగా లోటుండదు. దానికీ లోపల తెల్లగా ఉన్నంతకాలమే పులుపు వండాలి. పసుపు రంగు తొంగిచూసిందంటే మళ్ళీ కళాయి వేయించాల్సిందే.

ప్రశ్న: మేం కొలువు పెట్టేది సంక్రాంతికి. బొమ్మలు చెన్నైలో డిసెంబరులో దొరుకుతాయా? (గుంటూరు)

జవాబు: డిసెంబరుకి వస్తే నిరాశే. ఇక్కడ కొలువు దసరాకి. మైలాపూర్ ఉత్తర మాడవీధి పేవ్‌మెంటు మీద బొమ్మలు పరిచేది నవరాత్రులకి కొన్ని వారాల ముందు నుంచి. మౌంట్ రోడ్డులో పూంపుహార్ అనే ప్రభుత్వ హస్తకళల దుకాణంలో ప్రదర్శన పెట్టేదీ అప్పుడే. నవరాత్రుల చివరి రోజుల్లో ధర బాగా దిగుతుంది. కానీ అప్పటికి దశావతారాల్లో ఒక అవతారమో, పెళ్ళి ఊరేగింపులో పల్లకీయో లేని సెట్లు మిగులుతాయి. సెట్లు ముందే కొని, విడి బొమ్మలు ఆఖర్న కొనడం తెలివైన పని. పురసవాక్కం దగ్గర కోసపేటలో కుమ్మరి ఇళ్ళున్నాయి, వరసలో లోటు బొమ్మ అడిగి చేయించుకోడానికి అది మంచి చోటు.

అడుగున రంగు లేని చోట గోటితో గీకండి. ఎర్రగానో బూడిదగానో ఉంటే మట్టి, తెల్లటి పొడి రాలితే ప్లాస్టర్, నారలా లేస్తే కాగితపు గుజ్జు. రైల్లో తెచ్చుకోవాలంటే కాగితపు గుజ్జు బొమ్మలు తేలిక, చెయ్యి విరగదు. తేమ తగిలితే మాత్రం రంగు పొక్కులు లేస్తుంది. మట్టిబొమ్మల్ని చేతులూ ఆయుధాల చుట్టూ ముందు మెత్తటి గుడ్డ చుట్టి, ఆ తర్వాతే కాగితం చుట్టాలి. ఇక కొండపల్లి బొమ్మలు కూడా ఇక్కడే కొంటామని ఒకరిద్దరు రాశారు. గుంటూరు నుంచి చెన్నై వచ్చి కొండపల్లి కొనడమెందుకో మాకు బోధపడలేదు.

ప్రశ్న: బర్మా బజారులో ఫోన్ చవగ్గా ఇస్తున్నారు. కొనొచ్చా? (వేళచ్చేరి)

జవాబు: ఛార్జరు, ఫోన్ కవరు కొనండి. ఫోన్ వద్దు. బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ కోసం వెలసిన బజారది, మంచి బేరాలూ ఉంటాయి. కానీ బిల్లూ వారంటీ లేని ఫోన్ దొంగసొత్తైతే చిక్కు మీకు. కొనే తీరాలంటే ముందు స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కి ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, చూసి, కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి ఆ సంఖ్య 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. తెరమీది సంఖ్యా పెట్టె మీది సంఖ్యా ఒకటి కాకపోతే లేచి వచ్చేయండి.

ప్రశ్న: విదేశంలో ఉన్న అబ్బాయికి నటరాజ విగ్రహం కొనిస్తే విమానాశ్రయంలో ఆపుతారా? (విల్లివాక్కం)

జవాబు: కొత్త విగ్రహమైతే ఆపాల్సిన కారణం లేదు, కానీ కొత్తదని చూపించాల్సింది మీరు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాన్ని దేశం దాటించకూడదు. పాతదిలా కనిపించాలని నల్లరంగు, పచ్చటి చిలుము వేసిన విగ్రహాలే చిక్కు తెస్తాయి. మెరుగుపెట్టినదే కొనండి. తయారీ వివరం, ఎత్తు, బరువు ఉన్న బిల్లు తీసుకోండి. పూంపుహార్ లాంటి ప్రభుత్వ దుకాణపు బిల్లుకి విలువ ఎక్కువ. అయినా పాతదిలా ఉందనిపిస్తే సెయింట్ జార్జి కోటలో ఉన్న పురావస్తు శాఖ చెన్నై కార్యాలయంలో ‘పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం అడగండి. ప్రయాణం ముందు రోజు కాదు, కొన్ని వారాలు చేతిలో ఉండగా వెళ్ళాలి.

స్వామిమలై శిల్పుల పద్ధతిలో ప్రతి విగ్రహానికీ మైనపు అచ్చు విడిగా చేసి కరిగిస్తారు కాబట్టి అచ్చంగా ఒకేలా రెండు ఉండవు. వరసగా పది నటరాజులు ఒకే ముఖంతో ఉంటే, పక్కల అచ్చు అతుకు గీత కనిపిస్తే, అవి ఇసుక అచ్చులో పోసిన ఇత్తడివి. ధర కిలోల్లో అడిగితే తేడా తేలిపోతుంది. సంప్రదాయ పోత లోపల గుల్ల లేకుండా ఉంటుంది, చిన్న విగ్రహమే చేతిని లాగుతుంది. సామాను పరిమితి ముందే చూసుకోండి.

ప్రశ్న: పట్టు కాకుండా, ఎండాకాలానికి తమిళనాడు నూలు చీరలు ఎక్కడ? (ఒంగోలు)

జవాబు: ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో కో-ఆప్టెక్స్. 1935లో పెట్టిన చేనేత సహకార సంఘం, బేరం లేదు, మోసమూ లేదు. చెట్టినాడు కండాంగి, మదురై సుంగుడి, నూలూ పట్టూ కలిసిన కోయంబత్తూరు కోరా అన్నీ ఒకే కప్పు కింద చూడొచ్చు. కండాంగి ముతక, కట్టగా కట్టగా మెత్తబడుతుంది. సుంగుడి మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు వదులుతుంది. బకెట్ చన్నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు వేసి, విడిగా, కాసేపే నానబెట్టండి. అదే రోడ్డులో మీటర్ల లెక్కన నూలుగుడ్డ అమ్మే దుకాణాలున్నాయి, చుడీదార్లకి అక్కడ చూడండి.

ప్రశ్న: ఇక్కడ తాగిన ఫిల్టర్ కాఫీ, ఆ పొడే కొని ఇంటికెళ్ళాక కలిపితే రావడం లేదు. (కాకినాడ)

జవాబు: పొడిలో చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంత శాతమో అడిగారా? అమ్మే పొడిలో చికోరీ సగానికి లోపే ఉండాలి. కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. కాఫీ, చికోరీ హోటలు రుచికి 70-30, ఇంటికి 80-20 బాగుంటుంది. చికోరీ ఎక్కువైతే రంగు నల్లగా, చిక్కగా ఉంటుంది గానీ వాసన ఉండదు. రెండో కారణం మర. ఎప్పుడూ ‘ఫిల్టరుకి’ అని చెప్పి ఆడించండి. మరీ మెత్తనైతే రంధ్రాలు పూడుకుపోతాయి, బరకైతే నీళ్ళు నిలవకుండా దిగిపోతాయి. మూడు పెద్ద చెంచాల పొడికి 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు, పొడిని అదమకుండా, ఇరవై నిమిషాలు కదపకుండా. మరలోంచి వేడిగా ఇచ్చిన పొడిని అలాగే డబ్బాలో బిగిస్తే చెమర్చి రెండు రోజుల్లో ముక్క వాసన వస్తుంది. చల్లారనిచ్చి, రెండు వారాలకి సరిపడా మాత్రమే కొనండి.

ప్రశ్న: పెళ్ళికి పూలు కోయంబేడులో కొని నెల్లూరు తీసుకెళ్ళొచ్చా? (సూళ్ళూరుపేట, నెల్లూరు నుంచి ఇద్దరు)

జవాబు: తీసుకెళ్ళొచ్చు. కన్యకా పరమేశ్వరి దేవస్థానం స్థలంలో ఉన్న పాత కొత్వాల్ చావిడి బజారు 1996లో కోయంబేడుకి మారింది. పూల విభాగం తెల్లవారక ముందే నిండుతుంది, ఆరింటికల్లా మంచి సరుకు పోతుంది. విడిపూలు కిలోల్లో, కట్టినవి మూరల్లో. మూర ఎవరి చేతితో కొలుస్తున్నారో చూడండి, పిల్లాడి చేయి పెడితే పదింట ఒకటి పోయినట్టే. ముహూర్తం రోజున ధర రెట్టింపు దాకా పోతుంది, ముందురోజు కొనండి. మల్లెలు పచ్చగా గట్టిగా ఉన్న మొగ్గలే తీసుకోండి, తెల్లగా ఉబ్బినవి దారిలోనే విచ్చుకుంటాయి. తడిగుడ్డలో అరటాకు పరిచి వదులుగా కట్టాలి, ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే వేడికి గోధుమరంగు తిరుగుతాయి. నెల్లూరు బస్సులు బయల్దేరేది కోయంబేడు నుంచి కాదు, మాధవరం బస్టాండు నుంచి. పూలు తీసుకోగానే నేరుగా అక్కడికి వెళ్ళి, బస్సులో ఇంజను పక్క సీటు కాకుండా చూసుకోండి.